తొమ్మిది కిలోల భారం

నౌపడ,
6 ఏప్రిల్ 2025.

దేవమణి పెద్దమ్మకు,

షీబా వందనాలు. ఇక్కడ అందరం క్షేమం, నా మెడ తప్ప.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీకు వినపడేలా ఫోనులో చెబితే పక్క గదిలో మా అత్తకూ వినపడుతుంది. మొన్న నేను "మెడ నొప్పి" అని నాలుగుసార్లు అరిస్తే నువ్వు "మేడ ఎవలు కట్టార్రా?" అన్నావు. అందుకే కాగితం తీశాను. కాగితం మీద నీకు చెవుడు లేదు.

సంగతేమిటంటే, రాబర్ట్‌కు తొమ్మిది నెలలు నిండాయి. బుధవారం మా ఆయన విక్టర్ వాణ్ణి ఉప్పు కొట్టులో కాటా మీద కూర్చోబెట్టాడు. తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు, చొక్కాతో సహా. పెళ్ళికి ముందు నేను తొంభై ఆరు కిలోలు తలపైకి ఎత్తినదాన్ని. ఆ తొంభై ఆరూ నా దగ్గర నాలుగైదు సెకన్లు ఉండేవి. ఈ తొమ్మిది కిలోలు దిగవు.

నిన్న గడియారం చూసి రాసుకున్నాను. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా వాడు నా చంకలో ఉన్నది ఏడు గంటల నలభై నిమిషాలు. అంతా ఎడమ చంకలోనే. కుడి చేత్తో వంట, బట్టలు, తలుపులు. ఎడమ భుజం నుంచి చెవి కింద దాకా పట్టేసింది. తల ఎడమకు తిరగదు. ఆ వైపు నుంచి ఎవరైనా పిలిస్తే మనిషినంతా తిప్పాలి. పోయిన ఆదివారం ఆరాధనలో అలా తిరిగితే, నేను సాక్ష్యం చెప్పడానికి లేచాననుకుని కృపానిధి పాస్టరు గారు మైకు పంపారు. "దేవుడు మంచివాడు" అని చెప్పి కూర్చున్నాను.

కింద దించితే పోతుంది కదా అంటావు. దించితే మా అత్త కృపారాణమ్మ ఊరుకోదు. "ఇది ఉప్పు నేల. గుంటడికి సలవ సేసి రొంప పడతాది. మా విక్టర్ని ఏడాది దాకా నేల తాకనివ్వనేదు" అంటుంది. ఆవిడ మాత్రం పది నిమిషాలకు మించి ఎత్తుకోదు. ఆ పది నిమిషాలూ వీధి గుమ్మంలో నిలబడే ఎత్తుకుంటుంది. విక్టర్ స్టేషన్లో డ్యూటీ దిగి వచ్చి నా మెడకు బామ్ రాశాడు. పిల్లాణ్ణి ఎత్తుకుని రాయమన్నాను. రెండు పనులూ ఒకేసారి ఎలా కుదురుతాయన్నాడు. నాకెలా కుదురుతున్నాయో అడగలేదు.

ఇదంతా ఎందుకంటే, జూన్ 14న విశాఖలో వెయిట్ లిఫ్టింగ్ సెలక్షన్లు. మన నెల్లిమర్ల వ్యాయామశాల తరఫున పేర్లు గణపతిరావు మాస్టారు పంపాలి. గడువు మే 31. నాకు ఇరవై ఎనిమిది. ఈసారి పేరు లేకపోతే ఇంకెవరూ పిలవరు. నువ్వు వెళ్ళి, నా పేరు ఉందో లేదో మాత్రం కనుక్కో. నొప్పి సంగతి చెప్పకు. చెబితే పేరు కొట్టేస్తారు.

అమ్మ పోయాక ఇలాంటివి చెప్పుకోవడానికి నువ్వే ఉన్నావు. నా కోసం ప్రార్థన చెయ్యి. పిల్లల భారం అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది. పగలంతా ఇదే భారం. మోయడానికి దేవుడే శక్తినివ్వాలి.

నీ
షీబా


నెల్లిమర్ల,
13 ఏప్రిల్ 2025.

షీబాకు,

యేసయ్య కృప నీ ఇంటి మీద, నీ అత్త నోటి మీద ఉండాలని కోరుతూ పెద్దమ్మ రాస్తున్నది.

ముందు మెడ సంగతి. వావిలాకు వేసి నీళ్ళు కాచి, గుడ్డ ముంచి కాపడం పెట్టు. ఆముదం రాయి. తలగడ తీసెయ్యి. పక్కింటి తాతమ్మ అయితే ఎదురు కాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోమంది. అది నడుం పట్టుకు కదే అంటే, "నడుం మీద తంతే మెడ దాకా పోదేటి?" అంది. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటే నీ ఇష్టం.

మాస్టారి దగ్గరికి మంగళవారం వెళ్ళాను. నొప్పి సంగతి చెప్పొద్దన్నావు గనక చెప్పలేదు. "మా గుంట ఎలగుంది?" అని నీ గురించి ఆయనే అడిగాడు. అబద్ధం ఆడలేను కదా. "బాగానే ఉంది గానీ బాబూ, తొమ్మిది కిలోలు మొయ్యలేకపోతంది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినపడకపోయి ఉండొచ్చు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. నీ మీద అంత ప్రేమ ఉందని నాకు తెలియదు. నీకు ఉత్తరం రాస్తానన్నాడు.

ఇక అసలు సంతోషం. నీ ఉత్తరం చివరి ముక్క చదివి నేను కుర్చీలోంచి లేచాను. పిల్లల భారం! ముప్పై ఏళ్ళు మిల్లులో పని చేశాను, నలభై ఏళ్ళుగా స్త్రీల కూడికకు వెళ్తున్నాను. నాకు ఎప్పుడూ ఏ భారమూ కలగలేదు. మీ అమ్మకు పాటల పుస్తకాల మీద తప్ప దేని మీదా భారం లేదు. నీకు దేవుడు పిల్లల భారం ఇచ్చాడు. శుక్రవారం కూడికలో ఆ నాలుగు లైన్లూ చదివి వినిపించాను. అందరూ స్తోత్రం అన్నారు. మన పాస్టరమ్మ గారు ఏడ్చింది. ఆవిడ దేనికైనా ఏడుస్తుందనుకో. వెంటనే మీ కృపానిధి పాస్టరు గారికి ఫోన్ చేసి చెప్పింది.

నా కంట్లో శుక్లం ముదిరిందట. జూన్‌లో ఆపరేషన్ అంటున్నారు. ఈలోగా నువ్వు కొంచెం పెద్ద అక్షరాలు రాయి.

నీ పెద్దమ్మ
దేవమణి


నౌపడ,
23 ఏప్రిల్ 2025.

పెద్దమ్మకు,

వందనాలు పెట్టే ఓపిక లేదు. పెట్టాననుకో.

పెద్ద అక్షరాలే రాస్తున్నాను, సరిగ్గా చదువు: నా భారం తొమ్మిది కిలోల నాలుగు వందల గ్రాములు. సంఘంలో ఒకరికి ఫలానా పని మీద భారం ఉందంటే, ఆ పని చేయమని దేవుడు మనసులో పెట్టాడని అర్థమని నాకూ తెలుసు. నేను రాసింది ఆ భారం కాదు. కాటా మీద తూగే భారం.

ఈస్టర్ ఆరాధనలో ఏం జరిగిందో విను. కృపానిధి పాస్టరు గారు వాక్యం ముగించి, "మన మధ్య ఒక సహోదరికి దేవుడు పిల్లల భారం పెట్టాడు, ఆమె కొన్ని వారాలుగా తలైనా తిప్పకుండా ప్రార్థనలో ఉండడం మీరందరూ గమనించే ఉంటారు" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నేనొక్కదాన్నే తిరగలేకపోయాను. మే 5 నుంచి పది రోజులు వేసవి బైబిలు బడి నాకు అప్పగించారు. పాటలు, ఆటలు, కథలు అన్నీ నేనే.

కాదని చెబుదామని లేచేసరికి మా అత్త నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన మూడేళ్ళలో ఆవిడ నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. "నా కోడలికి భారం కలిగిందమ్మా" అని వరుసగా ఆరిళ్ళలో చెప్పింది. ఇప్పుడు నాది ఉత్త మెడ నొప్పి అని ఎలా చెప్పను?

ఇంతలో మాస్టారి ఉత్తరం. "పదిహేను కిలోల ఖాళీ రాడ్డు కూడా నీ వల్ల కాదని మీ పెద్దమ్మ గారి ద్వారా తెలిసి దుఃఖించాను. తొమ్మిది కిలోల దగ్గరే ఆగిపోయావంటే లోపల పెద్ద జబ్బే ఉండాలి. ఆరోగ్యం ముఖ్యం. నీ బదులు వేరే అమ్మాయి పేరు పంపుతాను." నొప్పి చెప్పొద్దన్నందుకు ఏకంగా నాకు సంతాపం రాయించావు.

నా సంగతి డాక్టరు మాటల్లోనే చెబుతాను. సోమవారం విక్టర్ నన్ను అరసవల్లి దగ్గర ఒక ఫిజియోథెరపీ ఆవిడకు చూపించాడు. ఎముకకు ఏమీ కాలేదు. నరం నొక్కుకోలేదు. కండరం అలిసిపోయింది. పిల్లాడు బయటికి వాలకుండా నడుం ఒక పక్కకు తోసి, భుజం పైకి లాగి నిలబడుతున్నానట. ఆ భుజం రోజంతా దిగడం లేదు. రెండు వైపులా మార్చి ఎత్తుకోమంది, మెడకు ఐదు కసరత్తులు రాసింది. పది రోజుల తర్వాత ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టొచ్చని కూడా చెప్పింది. అన్నిటికన్నా ముందు, పిల్లాణ్ణి దించమంది.

ఇంటికొచ్చి ఇదే చెబితే మా అత్త, "దించమని సెప్పడానికి అంత సదువు సదవాలేటి?" అంది. దించనివ్వలేదు.

నువ్వు మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్ళు. ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు. నోరు తెరవకు.

షీబా


నెల్లిమర్ల,
30 ఏప్రిల్ 2025.

షీబాకు,

కోపంతో రాసినా దస్తూరీ బాగుంది. వందనాలు పెట్టాననుకోమన్నావు, అందాయి.

మాస్టారి చేతిలో ఉత్తరం పెట్టాను. నోరు తెరవలేదు. ఆయన చదివాడు, లేచాడు, అరిచాడు. వ్యాయామశాలలో గుంటలందరూ బరువులు కింద పెట్టి చూశారు. నాకేమీ వినపడలేదు. అప్పుడు ఆయన వాళ్ళు చేతులకు రాసుకునే తెల్లపొడి నేల మీద చల్లి, వేలితో రాశాడు: "తొమ్మిది కిలోలు గుంటడా?" నేను తలూపాను. దాని కింద రాశాడు: "ముందే సెప్పొచ్చు కదేటి?" నేనూ వంగి రాశాను: "సెప్పొద్దంది." ఆయన నెత్తి కొట్టుకున్నాడు. జుట్టంతా తెల్లబడింది.

ఆయన మాట ఇది. మే 31 ఉదయం వ్యాయామశాలకు వచ్చి అరవై కిలోలు ఎత్తి చూపిస్తే నీ పేరు వెళ్తుంది. లేదంటే ఆ అమ్మాయి పేరే. అరవైకి చటాకు తగ్గినా ఒప్పుకోనన్నాడు.

ఇక భారం సంగతి. తప్పు నాదే. కానీ నేను ఎందుకు అలా చదివానో ఆలోచించాను. నేను నలుగురు పిల్లల్ని మోశాను. నా ఎడమ భుజం కుడి దానికన్నా కిందికి ఉంటుంది. రవికె కుట్టే దేవికి తెలుసు, ఎడమ పక్క వేరే కొలత తీసుకుంటుంది. అది నొప్పి అని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అందుకని భారం అనే మాట చూడగానే దేవుడి సంగతే అనుకున్నాను. పిల్లలు బరువని కాగితం మీద రాయొచ్చని నాకు తట్టలేదు.

బైబిలు బడి ఒప్పుకున్నావు గనక చెయ్యి. పది రోజులే. నీ అత్త నవ్విందంటున్నావు, ఆ పన్లో పనిగా గుంటణ్ణి ఆవిడకు అంటగట్టు.

దేవమణి


నౌపడ,
17 మే 2025.

ప్రియమైన పెద్దమ్మకు,

ఈసారి వందనాలు నిజంగానే పెడుతున్నాను. చాలా ఉన్నాయి చెప్పాల్సినవి.

బైబిలు బడికి మొదటి రోజు నలభై మూడు మంది వచ్చారు. మూడో రోజుకు అరవై ఒకటి. చివర్లో బిస్కెట్లు ఇస్తారని తెలిసింది. అభినయంతో పాటలు చెప్పాలంటే రెండు చేతులూ కావాలి. పిల్లాణ్ణి ఎత్తుకుని "కొండలు పొంగెను" అని ఒక చెయ్యి చాపితే సగం కొండే కనపడుతుంది. పాస్టరు గారే మా అత్తను పిలిచి, "అమ్మా, మనవడి పరిచర్య మీది" అన్నారు. అందరి ముందూ అన్నారు. ఆవిడ ముందు వరుసలో కుర్చీ వేయించుకుని రాబర్ట్‌ను ఎత్తుకుంది.

మొదటి రోజు మూడు గంటలు. రెండో రోజు మూడు గంటలు. ఎవరూ చూడనప్పుడు దించుదామంటే కుదరదు, అరవై మంది చూస్తున్నారు. నాలుగో రోజు పొద్దున్న నేను కాఫీ ఇస్తే ఆవిడ మనిషంతా నా వైపు తిరిగింది.

"ఏటైంది అత్తా?"

"ఏటీ అవనేదు."

"మెడ పట్టిందేటి?"

"పట్టనేదు. తలగడ ఎత్తయింది."

"ఏ పక్క?"

"ఎడం పక్క" అని, నోరు జారినట్టు నా వైపు చూసింది. తర్వాత తనే, "ఓలమ్మా, ఏటే ఈ గుంటడు! ఉప్పు బస్తా నయం, కాళ్ళు ఆడించదు" అంది.

వావిలాకు కాపడం పెట్టాను, బామ్ రాశాను. ఇన్ని నెలలుగా నేనడిగినవన్నీ ఆవిడకు ఒక్క పూటలో చేశాను. దాని వల్ల వచ్చే సుఖం ప్రార్థనలో కూడా రాదు. క్షమించు.

ఆ రోజు బైబిలు బడిలో ఆవిడ చాప పరిచి రాబర్ట్‌ను దించింది. వాడు ఒక నిమిషం కదల్లేదు. తర్వాత పొట్ట మీద పాకుతూ డోలక్ దాకా వెళ్ళి దాన్ని నాకాడు. పక్కనున్న ఆడవాళ్ళకు మా అత్త, "పిల్లల్ని నేలమీద ఒగ్గీవాలి. సంకలో ఉంచితే వోళ్ళ కాళ్ళకి బలం రాదు. ఈ కాలం తల్లులకి తెల్దు" అని చెప్పింది. నేను అక్కడే ఉన్నాను, పెద్దమ్మా. రెండు అడుగుల దూరంలో.

అప్పటి నుంచి వాడు ఇంట్లో కూడా నేల మీదే. సలవ చెయ్యలేదు. సాయంత్రాలు విక్టర్ ఎత్తుకుంటున్నాడు, కుడి చంకలో. ఎత్తుకోమని అతనికి ఈసారి నేను చెప్పలేదు, తల్లే చెప్పింది.

మెడ ఎడమకు ముప్పాతిక తిరుగుతోంది. రోజూ పొద్దున్నే ఆటోలో టెక్కలి వెళ్ళి ఒక జిమ్ములో సాధన చేస్తున్నాను. మొదటి రోజు ఖాళీ రాడ్డు. నిన్న యాభై. ఇంకా పది కావాలి, రెండు వారాలు ఉన్నాయి. చేయగలనో లేదో తెలియదు. తెలియదనే రాస్తున్నాను, ఎవరికీ వేరేలా చెప్పకు.

నీ
షీబా


నెల్లిమర్ల,
3 జూన్ 2025.

షీబాకు,

మూడు రోజుల కిందట నా ఇంట్లో చేపల పులుసు తిని వెళ్ళినదానికి ఉత్తరమెందుకంటావు. నువ్వున్నప్పుడు చెప్పలేకపోయాను, నీతో వచ్చిన నీ అత్త పక్కనే ఉంది. నువ్వు గొంతు తగ్గిస్తే నాకు వినపడదు, నేను తగ్గించలేను.

నువ్వు అరవై ఎత్తినప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పాతికేళ్ళ నాడు నేను షిఫ్టు దిగి వచ్చేసరికి మీ అమ్మ నిన్ను నాకు అందించి మిల్లు బస్సు ఎక్కేది. అప్పుడు నువ్వు ఎంత బరువుండేదానివో నాకు గుర్తు లేదు. ఎవరమూ తూచలేదు. మాస్టారు మాత్రం నీ పేరు రాసి కవరు అంటించాకే మంచినీళ్ళు తాగాడు. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, నేల మీద పొడి చల్లబోతున్నాడు.

జూన్ 14న మన స్త్రీల కూడికలో నీ సాక్ష్యం పెడతామన్నారు. బైబిలు బడి కబురు ఇక్కడికీ వచ్చింది. ఆ రోజు దానికి వేరే బరువుంది, కుదరదని చెప్పాను. ఈసారి భారం అనే మాట వాడలేదు.

నా కన్ను ఆపరేషన్ 12న. అందుకని విశాఖ రాలేను. ఏం జరిగిందో జరిగినట్టు రాయి. ఫోన్ చెయ్యకు. నువ్వు గెలిచానంటే నాకు అలిశానని వినపడుతుంది, ఊరంతా చెప్పేస్తాను.

పెద్దమ్మ


నౌపడ,
15 జూన్ 2025.

పెద్దమ్మకు,

కట్టు విప్పాకే చదువు. తొందరపడి ఒంటి కంటితో చదివి ఎవరికీ చెప్పకు.

విశాఖకు విక్టర్, రాబర్ట్, మా అత్త కూడా వచ్చారు. అత్తను నేను రమ్మనలేదు. "కోడలు ఏటి ఎత్తుతాదో నాను సూడొద్దేటి?" అని రైలెక్కింది. హాల్లో మూడో వరుసలో కూర్చుంది. రాబర్ట్ నేల మీద ఉన్నాడు.

మొదటి అంశం బాగానే అయింది. రెండోది, భుజాల దాకా ఎత్తి అక్కడి నుంచి తలపైకి లేపేది. దానికి మూడు అవకాశాలు. మొదట డెబ్బై ఎత్తాను. రెండోసారి డెబ్బై ఆరు పెట్టించాను, మోచెయ్యి వంగింది, పోయింది. మూడోసారీ డెబ్బై ఆరే. అది నిలిస్తే జట్టులో పేరు ఖాయం.

తలపైకి వెళ్ళింది. మోచేతులు నిలబడ్డాయి. కాళ్ళు ఒక వరుసలోకి తెచ్చాను. భుజం ఎక్కడా పట్టలేదు. ఇక కదలకుండా నిలబడి, రిఫరీ దించమని సైగ చేసేదాకా ఆగాలి. సైగకు ముందు దించితే ఎత్తినట్టు కాదు. అందుకని నిలబడ్డాను.

అప్పుడు మూడో వరుసలోంచి మా అత్త అరిచింది. "ఒసే షీబా! సాల్లే, దించీ! ఎంతసేపు మోస్తావే, మెడ పట్టేస్తాది!"

దించేశాను.

ఎందుకు దించావని మాస్టారు అడిగారు. నీకైతే చెబుతాను. పది నెలలు ఆవిడ నోట ఆ ఒక్క మాట కోసమే చూశాను. చెవిన పడగానే చేతులు వాటంతట అవే దిగాయి. మూడు ఎర్ర లైట్లూ వెలిగాయి.

ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి. మా అత్త చెప్పులు చేత్తో పట్టుకుని రిఫరీల బల్ల దగ్గరికి వెళ్ళింది. "దించమన్నది నాను బాబూ. అది నా మాట జవదాటదు. దాని తప్పు నేదు. కావాలంటే మళ్ళీ ఎత్తుతాది" అంది. నేను తన మాట జవదాటనని ఆవిడ నలుగురిలో చెప్పడం కూడా అదే మొదటిసారి. రిఫరీ లేచి నిలబడి, కుదరదమ్మా అన్నాడు. ఆవిడ అతనికి పిల్లలెంతమందని అడిగింది. విక్టర్ వెళ్ళి తీసుకొచ్చాడు.

మాస్టారు బయటికొచ్చాక, "బరువు ఎత్తడం నేర్పాను గానీ అత్త మాట వినమని నేను నేర్పలేదు" అన్నారు. తర్వాత చాలాసేపు నవ్వారు.

ఇదీ ఫలితం. రెండో అంశంలో డెబ్బై కిలోలే లెక్కలోకి వచ్చాయి. ఏడో స్థానం. జట్టులోకి ఆరుగురు, రిజర్వులో ఇద్దరు. రిజర్వులో మొదటి పేరు నాది. జాబితా గోడకు అంటించారు, నేను నా కళ్ళతో చదివాను. గెలవలేదు. పేరు పోలేదు.

అక్టోబరులో మళ్ళీ పోటీలున్నాయి. మా అత్త తనూ వస్తానంది. మాస్టారు ఒప్పుకోనన్నారు. ఆవిడ ఆయన్ని అడగలేదు.

నీ
షీబా